పురుగు ఫోటోలో కనపడని మనిషి

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందే ఒక తప్పు ఒప్పుకోవాలి. పోయిన ఖరీఫ్‌లో నేను తీసిన ఒక ఫోటో వల్ల మా మామ శెనక్కాయ చేను మీద అక్కర్లేని మందు పడింది.

ఆ ఫోటో ఇదే, స్క్రీన్ మీద చూడండి. వీడియో చూడకుండా చదివేవాళ్ల కోసం నోటితో కూడా చెప్తా. నల్లటి ఒళ్లు, వీపంతా వరసగా ముళ్లు, పక్కల నారింజ రంగు మచ్చలు, పక్కలకి చాచిన ఆరు కాళ్లు. అచ్చం మొసలిపిల్లలా ఉంటుంది. రాప్తాడు దగ్గర మామ చేన్లో, పొద్దున ఏడింటికి, ఫోన్‌కి క్లిప్ లెన్స్ తగిలించి తీశా. తర్వాత కూర్చుని ఎడిట్ చేశా. వెనకాల ఆకు కనపడకుండా మొత్తం నల్లగా చేశా, కాంట్రాస్ట్ పెంచా, ముళ్లు ఇంకా పదునుగా కనపడేలా షార్ప్ చేశా. "రాక్షసి" అని క్యాప్షన్ పెట్టా. లైకులు బాగానే వచ్చాయి. ఆ ఫోటో తిరిగి తిరిగి మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లోకి కూడా వచ్చింది.

నాలుగు రోజుల తర్వాత మామ ఫోన్ చేసినాడు. "అల్లుడా, నువ్వు పెట్టిన పురుగు మన చేన్లోదే అంట కదా. నేను పోయి చూస్తే నిజంగానే ఉండాయి, ఒక్కో చెట్టుకి రెండు మూడు. అంగట్లో నీ ఫోటో చూపిచ్చినా. మందు ఇచ్చినారు. నిన్న కొట్టించేసినా, ఏం భయం లేదులే" అన్నాడు.

నాకు గొంతులో మాట రాలేదు. ఎందుకంటే అది అక్షింతల పురుగు పిల్ల. ఎర్రగా, గుండ్రంగా, నల్ల చుక్కలతో ఉండే అక్షింతల పురుగు మీ అందరికీ తెలుసు, చిన్నప్పుడు చేతి మీద పాకించుకున్నాం. దాని పిల్ల మాత్రం తల్లికి ఏ పోలికా లేకుండా ఇలా ముళ్లతో ఉంటుంది. పొడవు సుమారు అర సెంటీమీటరు. అది శెనక్కాయ ఆకు ముట్టుకోదు. ఆకు రసం పీల్చే పేనుబంకని తింటుంది, రోజుకి పదుల లెక్కన. అంటే మామ డబ్బులిచ్చి చంపించింది తన చేనుకి ఊరికే కాపలా కాస్తున్న వాళ్లని. మందు కొట్టాక పేనుబంక మళ్లీ తొందరగానే వచ్చింది. అక్షింతల పురుగులు అంత తొందరగా రాలేదు. దిగుబడి దీనివల్ల ఎంత పోయిందో లెక్క కట్టలేను, ఆ ఏడు వాన కూడా సరిగా లేదు. మందు ఖర్చు, కూలి ఖర్చు మాత్రం నా ఫోటో ఖాతాలోనే వేసుకోవాలి.

నేనేమీ అబద్ధపు ఫోటో తీయలేదు కదా, ఉన్నదే తీశా కదా అని రెండు రోజులు నాకు నేనే సర్ది చెప్పుకున్నా. మూడో రోజు ఒప్పుకున్నా. అర సెంటీమీటరు జీవిని ఆరంగుళాల స్క్రీన్ నిండా పెట్టింది నేను. ఆకు తీసేసింది నేను. రాక్షసి అని పేరు పెట్టింది నేను. ఫోటోలో నేను లేను, కానీ ఫోటో అంతా నేనే ఉన్నా.

ఈ పని నాకంటే ముందు ఎవరెవరు చేశారు, వాళ్లేం చేశారు అని వెతకడం మొదలుపెట్టా. ఈ ఎపిసోడ్ ఆ వెతుకులాటే.

దానికంటే ముందు నేను ఇందులోకి ఎలా వచ్చానో రెండు మాటలు. బీటెక్ అయ్యాక బెంగళూరులో కోడ్ రాసుకునేవాణ్ని. వర్క్ ఫ్రమ్ హోమ్ టైమ్‌లో ఇంటికొచ్చా. మాది ఎలాంటి ఊరో మీకు తెలుసు. బెంగళూరు హైవే మీద అనంతపురం దాటగానే తగుల్తుంది. ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ, అదీ పడితే. ఫోటోగ్రఫీ అంటే జలపాతాలు, పచ్చటి లోయలు అనుకునేవాడికి ఇక్కడ తీయడానికి ఎర్రమట్టి, గాలిమరలు, ఎండిన చెరువు తప్ప ఏమీ కనపడదు. కానీ ఆరుద్ర కార్తె, అంటే జూన్ 22 దగ్గర, ఒక్క వాన పడి తెల్లారితే చాలు, మట్టి మీద ఎర్ర ముఖమల్ గుడ్డ ముక్కలు నడుస్తుంటాయి. ఆరుద్ర పురుగులు! నిజానికి అవి కీటకాలు కూడా కాదు, ఎనిమిది కాళ్లుంటాయి, సాలీడు చుట్టాలు. నేను మొదట మోకాళ్ల మీద కూర్చుని ఫోటో తీసింది వాటినే. ఇంకో చిన్న విషయం, ఆ ఎరుపు ఫోన్ కెమెరాకి సరిగా పట్టుబడదు. ముఖమల్ నూగు పోయి ఒట్టి ఎర్ర ముద్దలా వస్తుంది. ఎక్స్‌పోజర్ తగ్గించి, నీడలో తీయాలి. అంటే మొదటి రోజు నుంచే నేను "ఉన్నది ఉన్నట్టు" తీయట్లేదు, ఏదో ఒకటి నిర్ణయిస్తూనే ఉన్నా.

సరే, ఇప్పుడు వెనక్కి పోదాం. 1665, లండన్.

రాబర్ట్ హుక్ అనే ఆయన 'మైక్రోగ్రాఫియా' అని ఒక పుస్తకం వేశాడు. సూక్ష్మదర్శినిలో చూసినవాటిని బొమ్మలు గీసి అచ్చు వేసిన పుస్తకం. అందులో పేను బొమ్మ ఉన్న కాగితం మడత విప్పితే పుస్తకం కంటే పెద్దది. అప్పటిదాకా తలలో గోక్కోవడమే తప్ప ఎవరూ అంత పెద్ద పేనుని చూసి ఉండరు. నాకు బాగా నచ్చిన కథ మాత్రం చీమది. హుక్ చీమని గీద్దామనుకున్నాడు. అది ఒకచోట నిలబడదు. కాళ్లు మైనంతో అతికిస్తే ఒళ్లు మెలికలు తిప్పుతుంది. చంపితే ఆకారం చెడిపోతుంది. చివరికి ఏం చేశాడో తెలుసా? దానికి బ్రాందీ పట్టించాడు! చీమ తాగి పడిపోయింది. ఆయన తాపీగా చూసి గీసుకున్నాడు. కొంతసేపటికి మత్తు దిగి అది లేచి పరిగెత్తింది. ఇదంతా ఆయనే దాచకుండా పుస్తకంలో రాశాడు. 'ఇన్‌సెక్ట్ ఫోటోగ్రఫీ టిప్స్' అని ఇప్పుడు సెర్చ్ చేయండి, పురుగుని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి అని ఎవరో ఒకరు చెప్తారు. ఆ సలహాకి తాత హుక్ బ్రాందీ చుక్క.

ఇంకోటి, ఈగ కన్ను. ఒక వెలుతురులో చూస్తే అది చిల్లులున్న జల్లెడలా ఉందట. ఎండలో చూస్తే బంగారు మేకులు దిగ్గొట్టినట్టు ఉందట. ఇంకో వైపు నుంచి చూస్తే పిరమిడ్ల వరస. ఏది నిజం? హుక్ ఒక్కసారి చూసి గీయలేదు. రకరకాల వెలుతురుల్లో, రకరకాల వైపుల నుంచి తిప్పి తిప్పి చూసి, అసలు ఆకారం ఇదీ అని తేల్చుకున్నాకే కలం పట్టాడు. అంటే ఆ బొమ్మ ఏ ఒక్క క్షణంలోనూ ఎవరికీ కనపడింది కాదు. హుక్ తలలో కూర్చుకున్నది.

మన భాషలో దీన్ని ఫోకస్ స్టాకింగ్ అంటాం. మాక్రో తీసినవాళ్లకి తెలుసు, లెన్స్ ఎంత దగ్గరికి పోతే ఫోకస్ అంత పల్చబడుతుంది. కన్ను ఫోకస్‌లో ఉంటే మీసం ఉండదు, మీసం ఉంటే కాలు ఉండదు. అందుకే కొంచెం కొంచెం జరుపుతూ ముప్పై నలభై ఫోటోలు తీసి, సాఫ్ట్‌వేర్‌లో ఒక్కటిగా కలుపుతాం. లెవాన్ బిస్ అనే బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ దీన్ని చివరిదాకా తీసుకుపోయాడు. 2016లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో 'మైక్రోస్కల్ప్చర్' అని ప్రదర్శన పెట్టాడు. ఒక్కో పురుగు బొమ్మకి 8,000కి పైగా ఫోటోలు. కాలుకి వేరే లైటింగ్, రెక్కకి వేరే లైటింగ్, మీసానికి వేరే. నగల షాపు యాడ్ తీసినట్టు. పురుగులన్నీ మ్యూజియం పెట్టెల్లోవి, ఎప్పుడో చనిపోయినవి. చూస్తే కళ్లు తిరుగుతాయి, అంత బాగుంటాయి. కానీ అలాంటి వెలుతురు ఏ చెట్టు మీదా, ఏ పురుగు మీదా ఎప్పుడూ పడలేదు. నేను దీన్ని తప్పు పట్టట్లేదు. ఆయన ఎలా తీశాడో బాహాటంగా చెప్పాడు, అది నాకు ముఖ్యం.

హుక్ తర్వాత ఇంకొకావిడ గురించి చెప్పాలి. మరియా సిబిల్లా మేరియన్. జర్మనీలో పుట్టిన చిత్రకారిణి. 52 ఏళ్ల వయసులో, 1699లో, కూతుర్ని వెంటబెట్టుకుని ఓడెక్కి దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్లింది, కేవలం పురుగుల్ని చూడ్డానికి. 1705లో పుస్తకం వేసింది. అప్పటి బొమ్మల్లో పురుగులు ఎక్కువగా తెల్ల కాగితం మీద, పెట్టెలో సూది గుచ్చినట్టు ఉండేవి. ఈవిడ బొమ్మలో పురుగు ఏ చెట్టు మీద బతుకుతుందో ఆ చెట్టు ఉంటుంది. గుడ్డు, గొంగళి, గూడు, సీతాకోకచిలుక, అన్నీ అదే కొమ్మ మీద. ఒక్క పేజీ చూస్తే దాని బతుకంతా తెలిసిపోతుంది. ఆ పురుగుల్ని పట్టుకొచ్చి ఇచ్చింది, చెట్ల గురించి చెప్పింది అక్కడి ఆదివాసీలు, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. వాళ్ల సాయం సంగతి మేరియన్ పుస్తకంలో రాసింది. పేర్లు మాత్రం రాయలేదు.

పేర్లు అంటే గుర్తొచ్చింది. ఇప్పుడు మన దగ్గరికి, సామర్లకోటకి వద్దాం.

సామర్లకోట అంటే మనకి రైల్వే జంక్షన్, లేదా భీమేశ్వరాలయం. 1780ల్లో అక్కడ ఈస్ట్ ఇండియా కంపెనీ డాక్టర్ ఒకాయన తోట పెంచేవాడు. విలియం రాక్స్‌బర్గ్, స్కాట్లాండ్ మనిషి. చేసేది వైద్యం, మనసంతా చెట్ల మీద. 1789 చివర్లో ఆయనకి కొండల నుంచి లక్క అంటిన కొమ్మలు తెచ్చి ఇచ్చారు. లక్క అంటే గాజులకి, సీళ్లకి వాడేది, తెలుసు కదా. అది ఒక పురుగు ఒంట్లోంచి వచ్చే బంక. రాక్స్‌బర్గ్ ఆ కొమ్మల్ని జాగ్రత్తగా దాచి కాపు కాశాడు. రెండు వారాలకి వాటిలోంచి కంటికి ఆనీ ఆననంత చిన్న జీవులు లెక్కలేనన్ని బయటికి పాకాయి. వాటిని పరీక్షించి రాసింది 1791లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రచయిత పేరు పక్కన ఊరి పేరు, సామర్లకోట. పురుగుని దగ్గరగా చూడ్డం అనే చరిత్రలో మన ఊరు ఒకటి ఉందని నేను ఇంజనీరింగ్ అయ్యేదాకా ఎక్కడా చదవలేదు.

రాక్స్‌బర్గ్ దగ్గర ఇక్కడి చిత్రకారులు జీతానికి పనిచేసేవాళ్లు. చెట్టు ముందు కూర్చుని కొమ్మ, ఆకు, పువ్వు, పువ్వుని కోస్తే లోపల ఏముందో అది కూడా పెద్దది చేసి గీసేవాళ్లు. చేతిలో భూతద్దం, ముందు కాగితం. ఇప్పటి మాక్రో షాట్ అంటే అదే కదా. ఆ బొమ్మల్లోంచి 300 ఏరి 'కోరమాండల్ తీరపు మొక్కలు' అని లండన్‌లో మూడు సంపుటాలు వేశారు, మొదటిది 1795లో మొదలైంది, చివరిది 1820 దాకా పట్టింది. ఆ పుస్తకంలో నన్ను ఆపేసింది ఒకటుంది. చాలా మొక్కలకి తెలుగు పేరు ఇచ్చాడు, తెలింగులు దీన్ని ఇలా పిలుస్తారు అని. మొక్క పేరు తెలుగులో అచ్చయింది. ఆ మొక్కని గీసిన తెలుగు చెయ్యి ఎవరిదో అచ్చవలేదు. పుస్తకం మీద ఉన్నది రాక్స్‌బర్గ్ పేరు.

అదే కాలంలో దీనికి ఉల్టా కేసు కూడా ఉంది. 1800లో ఎడ్వర్డ్ డోనవన్ అనే ఆయన లండన్‌లో భారతదేశపు కీటకాల మీద రంగుల పుస్తకం వేశాడు. ఆయన భారతదేశం రాలేదు. దొరల ఇళ్లల్లో పెట్టెల్లో ఉన్న ఎండిన పురుగుల్ని చూసి గీశాడు. మెరుపు కోసం రంగు మీద మెరుగు పూత పూశాడు, లోహపు రంగులు వాడాడు. చూస్తే మన ఇన్‌స్టా ఫిల్టర్ గుర్తొస్తుంది. బతికున్నప్పుడు అవి ఏ ఆకు మీద ఎలా కూర్చునేవో ఆయన కళ్లతో చూసింది లేదు. పేరు మాత్రం గట్టిగా నిలబడింది.

వందేళ్లు దాటేద్దాం. ఫోటో వచ్చింది, సినిమా వచ్చింది. ఇంకేం, కెమెరా ముందు పురుగుని పెడితే అదే నిజం కదా అనుకుంటాం. 1910లో లండన్‌లో పెర్సీ స్మిత్ అనే గవర్నమెంట్ గుమాస్తా ఒక ఈగని సినిమా తీశాడు. ఈగ వెల్లకిలా పడుకుని కాళ్లతో బంతి తిప్పుతుంది, అగ్గిపుల్ల తిప్పుతుంది. జనం విరగబడి చూశారు. హింస పెట్టాడేమో అని అడిగినవాళ్లూ ఉన్నారు. ఈగని కదలకుండా కట్టి ఉంచాననీ, కాళ్ల కింద నేల అనుకుని అది నడుస్తూంటే బంతి తిరుగుతుందనీ, తర్వాత వదిలేశాననీ ఆయన వివరంగా చెప్పుకోవాల్సొచ్చింది.

సరిగ్గా అదే ఏడు లిథువేనియాలో వ్లాదిస్లావ్ స్టారెవిచ్ అనే మ్యూజియం అధికారి రెండు కొమ్ముపురుగుల కొట్లాట తీద్దామనుకున్నాడు. అవి రాత్రి తిరిగేవి. లైట్లు వేయగానే కదలకుండా పడుకునేవి. దాంతో చచ్చిన పురుగుల కాళ్లు ఊడదీసి, మైనంతో మళ్లీ అతికించి, ఒక్కో ఫ్రేమ్‌కి కొంచెం కొంచెం కదిపి కొట్లాట తీశాడు. ఇలాంటి సినిమాలు వరసగా తీశాడు. లండన్ పత్రికలవాళ్లు వాటిలో ఒకటి చూసి, బతికున్న పురుగులకే ట్రైనింగ్ ఇచ్చారేమో అని నమ్మారు. 1912లో ఆయన తీసిన 'కెమెరామన్ ప్రతీకారం'లో కెమెరా పట్టుకుని తిరిగేది ఒక మిడత. కెమెరా వెనకాల నిలబడ్డవాడు కుళ్లుతో ఎవరి గుట్టు రట్టు చేస్తాడో అన్నదే కథ. ఖాళీ ఉంటే చూడండి, పావుగంట కూడా ఉండదు.

ఇప్పుడు మన ఈగ. 2012 జూలై 6. మనలో చాలామంది స్కూల్లోనో ఇంటర్‌లోనో ఉండి థియేటర్‌లో చూసినవాళ్లమే. రాజమౌళి టీమ్‌కి వచ్చిన సమస్య హుక్‌కి వచ్చిందే, ఈగ నిలబడదు. వాళ్లు ఈగని సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టి, స్పృహ తప్పాక మాక్రో లెన్స్‌తో ఒళ్లంతా ఫోటోలు తీశారు. అప్పుడు ఇంకో తలనొప్పి. దగ్గరగా చూస్తే ఈగ మొహం హీరో మొహంలా ఉండదు. మొహంలో ఎక్కువ భాగం కళ్లే. కనుబొమలు లేవు, నవ్వు లేదు, ఏడుపు లేదు, డైలాగ్ అసలే లేదు. అందుకని మొహాన్ని కొంచెం సవరించి, భావమంతా ఒంటి కదలికలో పెట్టారు. మకుట వీఎఫ్ఎక్స్ వాళ్లు ఆ ఒంటి నూగు, రెక్క మెరుపు కంప్యూటర్‌లో కట్టారు. సినిమాకి ఉత్తమ తెలుగు చిత్రంగా, స్పెషల్ ఎఫెక్ట్స్‌కి కూడా జాతీయ అవార్డులు వచ్చాయి. సెంథిల్ కుమార్ ఈగ చూపులో లోకాన్ని తీయడానికి ప్రోబ్ లెన్స్ వాడారు. ఆ లెన్స్‌లోకి వెలుతురు సరిగా దూరదు కాబట్టి సెట్ మీద లైట్లు మండిపోవాలి.

ఇందులో మోసం లేదు. టికెట్ కొన్నప్పుడే తెలుసు ఇది కథ అని. ఎండ్ టైటిల్స్‌లో అన్ని పేర్లూ పడతాయి, సామర్లకోట చిత్రకారుడికి దక్కనిది అదే. కానీ నా "రాక్షసి" ఫోటోకి టికెట్ లేదు, టైటిల్స్ లేవు. మామ దాన్ని కథ అనుకోలేదు, రిపోర్ట్ అనుకున్నాడు.

ఎందుకలా అనుకున్నాడంటే మా జిల్లాకి ఒక పాత భయం ఉంది. అది చెప్పకపోతే మామని అమాయకుడు అనుకుంటారు, అది తప్పు.

2000వ సంవత్సరం. నేను ఇంకా బడికి పోని వయసు. ఆ ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో శెనక్కాయ చెట్లు మొవ్వు నుంచి కిందికి నల్లబడి ఎండిపోయాయి. చేలకి చేలే. సుమారు 2,25,000 హెక్టార్లలో తెగులు కనపడింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా వేశారు. విత్తనం మంచిది కాదన్నవాళ్లున్నారు, వాన తేడా అన్నవాళ్లున్నారు, మా అవ్వ అయితే దిష్టి అనేది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తేల్చింది ఏమిటంటే, అది టొబాకో స్ట్రీక్ అనే వైరస్. మోసుకొచ్చింది తామర పురుగులు. ఒక్కోటి మిల్లీమీటరు చుట్టూ ఉంటుంది, గడ్డి ముక్క కొసలాగా.

ఆ పద్ధతి వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. వైరస్ ఉండేది వయ్యారిభామ పుప్పొడిలో. వయ్యారిభామ అంటే మనం కాంగ్రెస్ గడ్డి అనేది, గట్ల మీద, రోడ్డు పక్కన తెల్ల పూలతో ఉంటుంది. దానికి జబ్బు లక్షణం ఏమీ కనపడదు, పచ్చగా నవ్వుతూ ఉంటుంది. తామర పురుగు దాని పువ్వులో తిరుగుతుంది, ఒంటికి పుప్పొడి అంటుకుంటుంది, శెనక్కాయ లేత ఆకు మీదికొచ్చి గీరుతుంది. ఆ గీరిన గాయంలోకి పుప్పొడిలోని వైరస్ దిగుతుంది. అందుకే ఒట్టి మందు కొట్టి లాభం లేదు, గట్టు మీద గడ్డి పూతకి రాకముందే పీకాలి, చేను చుట్టూ జొన్న సాళ్లు అడ్డం వేయాలి అని చెప్పారు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ తామర పురుగుని లెవాన్ బిస్ లాగా నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద అద్భుతంగా తీసి గోడంత ప్రింట్ వేసినా, ఆ ఏడు ఒక్క రైతుకి కూడా పనికొచ్చేది కాదు. పనికొచ్చే ఫోటోలో కాంగ్రెస్ గడ్డి పువ్వు ఉండాలి, పుప్పొడి ఉండాలి, పక్కనే శెనక్కాయ మొవ్వు ఉండాలి. చూడ్డానికి చెత్తగా ఉంటుంది. ఫోకస్ కూడా సగం పోయి ఉంటుంది. మేరియన్ అయితే గీసేది.

అప్పటి నుంచి మా రైతులు తెలియని పురుగు కనపడితే ఆగరు. ఆగితే ఏమవుతుందో 2000లో చూశారు. అలాంటి మనిషి చేతిలో నేను సైజు లేని, ఆకు లేని, పేరు లేని ఒక రాక్షసి ఫోటో పెట్టా.

పాత పురుగుల పుస్తకాల బొమ్మల్లో ఒక పద్ధతి ఉండేది. పెద్దది చేసి గీసిన పురుగు పక్కన ఒక చిన్న గీత. అసలు పురుగు ఇంతే ఉంటుంది అని. జుట్టు వెంట్రుక అంత గీత. ఆ గీత పెట్టడానికి నాకు ఎడిటింగ్ యాప్‌లో పది సెకన్లు పట్టేది. నేను ఆ టైమ్‌లో ముళ్లు షార్ప్ చేస్తున్నా.

మామకి జరిగింది చెప్పడానికి వెళ్లా. కోప్పడతాడనుకున్నా. ఆయన ఫోటో తీసుకుని జూమ్ చేసి, మళ్లీ జూమ్ చేసి చూశాడు. "అంటే ఇది మనదేనా?" అన్నాడు. మనదే మామా అన్నా. "మరి మనదైతే ఇంత కోపంగా ఎందుకు తీసినావు అల్లుడా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. లైకుల కోసం అని ఎట్లా చెప్పాలి?

ఈ ఏడు జూలైలో మళ్లీ అదే చేనుకి పోయినాం. ఈసారి ఫోన్ క్లిప్ లెన్స్ నేను పట్టుకున్నా, కొమ్మ మామ పట్టుకున్నాడు. పేనుబంక గుంపు, దాని మధ్యలో ఒక అక్షింతల పురుగు పిల్ల మెక్కుతోంది. గాలికి కొమ్మ ఊగుతుంటే మామ బొటనవేలు ఆకు కింద ఆనించినాడు. పగుళ్లు, ఎర్రమట్టి, నలుపెక్కిన గోరు. నేను అలవాటుగా వేలు తప్పించి ఫ్రేమ్ పెట్టబోయినా, ఆయన చూసి "వేలు ఉండనీ, ఎంత ఉండాదో తెలుస్తాది" అన్నాడు. మ్యూజియం గీత గురించి ఆయనకి నేనేమీ చెప్పలేదు.

ఆ ఫోటో ఇదే. మొత్తం ఫోకస్‌లో లేదు, పిల్ల తల మాత్రమే ఉంది. ఎడిట్ ఏమీ చేయలేదు, వెలుతురు కొంచెం పెంచా. క్యాప్షన్‌లో పేరు, సైజు, ఏం తింటుందో, ఏ ఊరి చేను, ఎవరు కొమ్మ పట్టుకున్నారు అన్నీ రాశా. ఫోటో: నేను, మామ. రీచ్ పాతదాంట్లో పదో వంతు కూడా రాలేదు. కానీ దాన్ని మా పక్క ఊరి గ్రూపుల్లోకి పంపింది మామే.

మీ ఊళ్లో తీసిన పురుగు ఫోటోలు నాకు పంపండి. ఆకుతో సహా, వేలో రూపాయి బిళ్లో పక్కన పెట్టి. మందు ఏం కొట్టాలి అని మాత్రం నన్ను అడగొద్దు, మా వైపు వాళ్లయితే రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. వచ్చే ఎపిసోడ్ ఆరుద్ర పురుగుల మీద. వానొస్తేనే లెండి.